అప్పీలు పడ్డాక కింది కోర్టుకు మిగిలే అధికారం: ఒక దావా, మూడు తప్పులు, మూడు దారులు

నేపథ్యం

ఈ కేసులో పేర్లు, ఊరు, సర్వే నెంబర్లు, సంవత్సరాలు వదిలేశాను. చట్టంతో సంబంధం లేని ఒకటి రెండు వివరాలు మార్చాను. కక్షిదారు అనుమతితోనే రాస్తున్నాను. ఇందులో కొంత నా పొరపాటు కూడా ఉంది కాబట్టి, జూనియర్లకు నోటితో చెప్పడం కంటే కాగితం మీద పెట్టడమే మంచిదనిపించింది.

కర్నూలు జిల్లాలో నల్లరేగడి నేల ఉన్న ఒక ఊళ్లో మూడెకరాల పొలం. భర్త చనిపోయాక ఒక పెద్దావిడ ఆ పొలాన్ని మరిది వరస అయ్యే వ్యక్తికి గుత్తకు ఇచ్చింది. రెండేళ్లు గుత్త సక్రమంగా వచ్చింది. మూడో ఏడు ఆ మరిది డబ్బు ఇవ్వడం మానేసి, భూమిని తన అన్నే బతికుండగా తనకు అమ్మాడని ఒక రిజిస్టరు కాని అగ్రిమెంటు చూపించాడు. హక్కు ప్రకటన, స్వాధీనం, అంతవరకు ఎగ్గొట్టిన ఫలసాయం, స్వాధీనం అప్పగించేదాకా రాబోయే ఫలసాయం కోరుతూ సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో, అంటే మనం ఇప్పటికీ సబ్‌కోర్టు అని పిలుచుకునే కోర్టులో, దావా వేశాం. ఫలసాయం అని నేను రాస్తున్నది కోర్టు భాషలో మెస్నే ప్రాఫిట్స్. కక్షిదారు భాషలో గుత్త డబ్బులు.

దావా మా పక్షాన డిక్రీ అయింది. తీర్పు వెలువడింది ఏప్రిల్ చివరి వారంలో, వేసవి సెలవులకు ముందు. ఆ వారంలో ఏ కోర్టులోనైనా వరసగా తీర్పులు వస్తాయి; స్టెనోగ్రాఫర్లు రాత్రి పొద్దుపోయేదాకా టైపు చేస్తూనే ఉంటారు. ఈ కేసులో తరవాత జరిగిన కథకు మూలం ఆ తొందరలోనే ఉందని నా అనుమానం.

సమస్య

తీర్పు మామూలు నకలు చదివినప్పుడు మూడు విషయాలు కంటికి తగిలాయి. మూడూ ఒకే కాగితంలో ఉన్నా, వాటి స్వభావం ఒకటి కాదు.

మొదటిది అంకె. 19వ పేరాలో జడ్జిగారు చుట్టుపక్కల పొలాల గుత్త రేట్లపై సాక్ష్యం చర్చించి, ఎకరాకు ఏడాదికి 20,000 రూపాయలు న్యాయమైన రేటని తేల్చారు. మూడెకరాలు, మూడేళ్లు. లెక్క ప్రకారం 1,80,000 రావాలి. కానీ చివరి ఉత్తర్వు భాగంలో 1,08,000 అని ఉంది. పక్కనే అక్షరాల్లో కూడా లక్షా ఎనిమిది వేలు అనే ఉంది. డిక్రీ, అంటే తీర్పు ఫలితాన్ని విడిగా రాసే పత్రం, తయారు చేసిన గుమాస్తా ఉత్తర్వు భాగాన్నే చూస్తాడు కాబట్టి డిక్రీలోకీ అదే ఎక్కింది.

రెండోది మౌనం. దావా వేసిన రోజు నుంచి స్వాధీనం అప్పగించేదాకా రావలసిన ఫలసాయానికి మా వాదికి అర్హత ఉందని 21వ పేరాలో ఒక వాక్యం ఉంది. ఉత్తర్వు భాగంలో దాని ఊసే లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డరు 12వ రూలు ప్రకారం విచారణ జరపాలనో, వద్దనో, ఏదీ చెప్పలేదు.

మూడోది రేటు. మేము అడిగింది ఎకరాకు 30,000. జడ్జిగారు 20,000కు దిగారు. మా సాక్షుల్లో ఇద్దరిని ఆయన నమ్మలేదు. అది తప్పని నా అభిప్రాయం, కానీ అది ఆలోచించి చేసిన నిర్ణయం.

ఆ రోజు సాయంత్రం పెద్దావిడ కొడుకుతో కలిసి ఆఫీసుకు వచ్చింది. అవతలివాళ్లు అప్పీలుకు పోతారని ఊళ్లో అప్పుడే మాట పుట్టింది. ఆమె అడిగింది ఒకటే: “అప్పీలు ఏస్తారంట గదా సార్, ఏస్తే ఇంగ మన తీర్పు చెల్లదా?” చెల్లుతుందమ్మా, అప్పీలు వేసినంత మాత్రాన ఏమీ ఆగదు అన్నాను. ఆ జవాబు సగమే నిజమని నాకు నవంబరులో తెలిసొచ్చింది.

మొదట చేసిన పని, అది ఎందుకు నిలవలేదు

మూడు లోపాలకూ కలిపి ఒకే రివ్యూ పిటిషన్, అంటే తీర్పిచ్చిన కోర్టునే దాన్ని మళ్లీ చూడమనే పిటిషన్, వేయాలని నిర్ణయించుకున్నాను. నా ఆలోచన ఇది: తీర్పు రాసిన జడ్జిగారే ఇంకా ఆ సీట్లో ఉన్నారు, సాక్ష్యం ఆయన మనసులో తాజాగా ఉంది, ఒకే పిటిషన్‌తో మూడూ చక్కబడితే కక్షిదారుకు ఖర్చు, కాలం కలిసొస్తాయి. గడువు గురించి కూడా బెంగ లేదు. రివ్యూకు 30 రోజులు. సర్టిఫైడ్ కాపీకి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద మినహాయిస్తే నాకు జూన్‌లోనూ గడువుంది. అందుకే సెలవుల్లో తీరుబడిగా పిటిషన్ తయారు చేసుకున్నాను.

అవతలి పక్షం తీరుబడిగా లేదు. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు కూడా 30 రోజులే. అది సెలవుల్లో ముగిసినా లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం కోర్టు తెరిచిన రోజు దాఖలు చేసుకోవచ్చు. వాళ్లు తెరిచిన రోజునే అప్పీలు, స్టే పిటిషన్ పెట్టారు. నేను నా రివ్యూ దాఖలు చేసింది మూడు రోజుల తర్వాత. ఆ మధ్యలో అప్పీలు పడినట్టు నాకు తెలియదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ కింద ఒక కేవియట్, అంటే మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వవద్దనే ముందస్తు అర్జీ, వేసి ఉంటే తెలిసేది. వేయలేదు.

నా రివ్యూకు జవాబుగా వేసిన కౌంటరులో వాళ్ల మొదటి అభ్యంతరమే ఇది. 47వ ఆర్డరు 1వ రూలు, అప్పీలుకు వీలున్నా ‘అప్పీలు చేయని’ డిక్రీపైనే రివ్యూ కోరే వీలిస్తుంది; ఇక్కడ అప్పీలు ముందే పడింది. నేను రెండు వాదనలు వినిపించాను. ఒకటి, నా రివ్యూ దాఖలు చేసిన నాటికి అప్పీలుకు నెంబరు పడలేదు, ఆఫీసు అభ్యంతరాలతో వెనక్కి ఇచ్చి ఉంది, కాబట్టి దాన్ని అప్పీలు చేసినట్టు లెక్కించకూడదని. కోర్టు అంగీకరించలేదు. దాఖలు చేయడమే ముఖ్యం, నెంబరు వేయడం ఆఫీసు పని అంది. నిజానికి ఆ వాదనపై నాకూ పెద్ద నమ్మకం లేదు.

రెండోది కొంత బలమైనదే. అదే రూలు రెండో ఉపరూలు, అప్పీలుకు పోని పక్షం, ఎదుటివాళ్ల అప్పీలు పెండింగులో ఉన్నా రివ్యూ కోరవచ్చు అంటుంది. మేము అప్పీలుకు పోలేదు. కానీ ఆ ఉపరూలులోనే ఒక మినహాయింపు ఉంది: రివ్యూలో చెప్పుకోవాలనుకున్న విషయాన్ని అప్పీలులో రెస్పాండెంటుగా, అంటే అప్పీలును ఎదుర్కొనే పక్షంగా, పై కోర్టు ముందే చెప్పుకోగలిగితే, కింది కోర్టులో రివ్యూ ఉండదు. రేటు విషయం, భవిష్యత్తు ఫలసాయం విషయం రెండూ 41వ ఆర్డరు 22వ రూలు కింద క్రాస్ అబ్జెక్షన్లుగా, అంటే ఎదుటివాళ్ల అప్పీలులోనే డిక్రీపై మన అభ్యంతరాలుగా, జిల్లా కోర్టులో చెప్పుకోదగ్గవే. దానితో ఆ రెండింటి మేరకు రివ్యూ చెల్లదని కొట్టేశారు. అంకె విషయంలో మాత్రం, అది టైపు తప్పు అయితే దానికి రివ్యూ అవసరం లేదు, విడిగా అడగండి అని ఉత్తర్వులో ఒక వాక్యం రాశారు.

ఇక్కడ నన్ను బాగా నొప్పించిన సంగతి ఒకటుంది. ఈ విషయంపై దేశమంతా ఉదహరించే తీర్పు కర్నూలు కంపెనీదే. తుంగభద్ర ఇండస్ట్రీస్ వేరుశనగ నూనె వ్యాపారంలో ఉండేది. సేల్స్ టాక్సు వివాదంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. తీర్పుల సంపుటిలో దాని గుర్తు ఏ.ఐ.ఆర్. 1964 సుప్రీంకోర్టు 1372. రివ్యూ చెల్లుతుందా లేదా అని చూడవలసింది రివ్యూ దాఖలైన తేదీనాటి పరిస్థితిని అని అందులో తేల్చారు. ఆ నాటికి అప్పీలు లేకపోతే, తర్వాత ఎవరు అప్పీలు వేసినా రివ్యూ విచారణకు ఆటంకం లేదు. ఒక్కటే షరతు: రివ్యూ తేలేలోపే అప్పీలు తేలిపోతే రివ్యూ కోర్టు అధికారం అక్కడితో ముగుస్తుంది. అంటే నేను కోర్టు తెరిచిన రోజు పొద్దున, వాళ్ల కంటే ముందు నిలబడి ఉంటే, నా రివ్యూ నిలిచేది. మూడు రోజుల ఆలస్యం నాలుగు నెలలు మింగింది.

అమలు పిటిషన్‌లో జరిగినది

ఇదే సమయంలో స్వాధీనం కోసం ఈ.పీ., అంటే డిక్రీ అమలు పిటిషన్, వేశాం. మొదటి వాయిదాకే అవతలి న్యాయవాది ఒక మెమో ఇచ్చారు: అప్పీలు పెండింగులో ఉంది, స్టే పిటిషన్ విచారణలో ఉంది, కాబట్టి ఈ.పీ. ఆపాలి. ఇలా మెమో మీద వాయిదాలు మూడు పడ్డాయి. ఇది మన కోర్టుల్లో పాతుకుపోయిన అలవాటు. చట్టంలో మాత్రం దానికి ఆధారం లేదు. 41వ ఆర్డరు 5వ రూలు మొదటి వాక్యమే అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదని చెబుతుంది. ఆపాలంటే పై కోర్టు ఉత్తర్వు ఉండాలి. అప్పీలు గడువు ఇంకా ముగియకపోతే డిక్రీ ఇచ్చిన కోర్టు కూడా ఆపగలదు, కానీ ఆ గడువు ఎప్పుడో దాటింది. నాలుగో వాయిదాకు ఈ రూలును రాతపూర్వకంగా ముందుపెట్టాక, స్వాధీనం అప్పగించే వారంటు ఇచ్చారు. ఆ వారంటు అమలు చేసే కోర్టు ఉద్యోగి, అమీన్, వెళ్లే తేదీ కూడా ఖరారైంది.

వారంటు అడిగే ముందు పెద్దావిడతో ఒక గంట మాట్లాడాను. అప్పీలులో డిక్రీ తలకిందులైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ కింద పొలం తిరిగి ఇవ్వాలి, ఈలోగా వచ్చిన ఫలసాయానికి లెక్క చెప్పాలి. అందుకు సిద్ధమా అని. ఆమె కొడుకు అప్పటికే శనగ విత్తనాల గురించి ఆలోచిస్తున్నాడు. ఆమె మాత్రం, ‘ఇయ్యాల్సొస్తే ఇస్తాంలే, మన పొలంలో మనం ఒక్క పంట చూసుకుంటే సాలు’ అంది.

అమీన్ వెళ్లే తేదీకి ముందు సాయంత్రం జిల్లా కోర్టు షరతుతో కూడిన స్టే ఇచ్చింది: డిక్రీ మొత్తంలో సగం నాలుగు వారాల్లో జమ చేయాలి. ఆ సమయంలో నేను అదే హాల్లో ఉన్నాను. ఉత్తర్వు కాపీ కింది కోర్టుకు చేరడానికి కనీసం రెండు రోజులు పడుతుంది. మరుసటి పొద్దున పదింటికి అమీన్ పొలంలో ఉంటాడు. కొడుకు ఫోనులో అడిగాడు: “కాపీ ఇంకా రాలేదు గదా సార్, పొద్దున్నే పని కానిచ్చేద్దామా?”

చట్టంలో దీనికి కొంత చోటు ఉన్నట్టే కనిపిస్తుంది. స్టే ఉత్తర్వు కింది కోర్టుకు తెలిసేదాకా దాని అధికారం పోదని ముల్రాజ్ కేసులో, ఏ.ఐ.ఆర్. 1967 సుప్రీంకోర్టు 1386, తేల్చారు. 5వ రూలుకు 1976 సవరణతో చేర్చిన వివరణ కూడా స్టే అమల్లోకి వచ్చేది కింది కోర్టుకు తెలియజేసినప్పటి నుంచే అంటుంది. కానీ అదే వివరణలోని రెండో సగం, అప్పీలుదారు తనకు స్వయంగా తెలిసిన విషయంగా స్టే వచ్చిందని ప్రమాణపత్రం ఇస్తే, ఉత్తర్వు చేరేలోపు కూడా కింది కోర్టు దాని ప్రకారమే నడుచుకోవాలని చెబుతుంది. అవతలివాళ్లు ఆ ప్రమాణపత్రంతో పొద్దున్నే వస్తారని నాకు తెలుసు. రాకపోయినా, నా ఎదుటే చదివిన ఉత్తర్వు నాకు తెలియదని నటించి తెచ్చుకున్న స్వాధీనాన్ని కోర్టు తన అంతర్గత అధికారంతో రద్దు చేయగలదు. ముల్రాజ్ తీర్పులోనే ఆ మాట ఉంది. పొలంలో అడుగుపెట్టి రెండు వారాల్లో తిరిగి బయటికి రావడం కంటే అప్పుడే ఆగడం మంచిదని చెప్పాను. కొడుకు రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అంకె దిద్దుబాటు

స్టే షరతులో ‘డిక్రీ మొత్తంలో సగం’ అన్న మాట నా మొదటి లోపానికి కొత్త బరువు తెచ్చింది. డిక్రీలో ఉన్నది 1,08,000. వాళ్లు 54,000 జమ చేసి షరతు తీర్చామన్నారు. అసలు లెక్క ప్రకారం 90,000 కట్టాలి. టైపు తప్పు వల్ల 36,000 తేడా వచ్చింది.

రివ్యూ పోయిన వెంటనే 152వ సెక్షన్ కింద విడి పిటిషన్ వేశాను. ఆఫీసు దాన్ని వెనక్కి ఇచ్చింది. వెనకవైపు ఎర్ర సిరాతో ఒక ప్రశ్న: ‘అప్పీలు పెండింగులో ఉండగా ఈ పిటిషన్ ఎలా చెల్లుతుంది? రికార్డు జిల్లా కోర్టుకు పంపబడినది.’

ఇక్కడ తీసుకోవలసిన నిర్ణయం ఏమిటంటే, దిద్దుబాటు కింది కోర్టునే అడగాలా, అప్పీలు కోర్టును అడగాలా అన్నది. పై కోర్టును అడిగితే అభ్యంతరం తక్కువ. కానీ అది అప్పీలుతో కలిపి వింటామంటే దిద్దుబాటు రావడానికి రెండేళ్లు పట్టవచ్చు. అప్పటికి స్టే షరతు పాతబడిపోతుంది. పైగా తీర్పు రాసిన జడ్జిగారికి వేసవిలో బదిలీ వచ్చే అవకాశం ఉంది. 19వ పేరా రాసిన మనిషే ఆ లెక్క చూడటం మంచిదనుకున్నాను. అందుకే కింది కోర్టులోనే నిలబడ్డాను.

ఆఫీసు ప్రశ్నకు నా జవాబు ఇలా నడిచింది. 152వ సెక్షన్ రాత తప్పులను, లెక్క తప్పులను, అనుకోకుండా దొర్లిన పొరపాట్లను ఎప్పుడైనా దిద్దవచ్చంటుంది. రివ్యూకు ఉన్న ‘అప్పీలు చేయని డిక్రీ’ అన్న షరతు ఇక్కడ లేదు. కింది కోర్టు డిక్రీ పై కోర్టు డిక్రీలో కలిసిపోయేది అప్పీలు తేలినప్పుడే గాని, దాఖలైనప్పుడు కాదు. ఈ విలీన సిద్ధాంతాన్ని 2000లో కున్హయమ్మద్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చర్చించింది. మూడోది నాకు ఇష్టమైన వాదన. 1976లో చేర్చిన 153ఎ సెక్షన్, 41వ ఆర్డరు 11వ రూలు కింద అప్పీలును ఆదిలోనే కొట్టేసినప్పుడు, డిక్రీ ధ్రువపడినా సరే, దిద్దే అధికారం మొదటి కోర్టుకే ఉంటుందని చెప్పింది. అప్పీలు తేలిన తర్వాతి పరిస్థితికే శాసనకర్తలు ప్రత్యేకంగా ఒక సెక్షన్ రాయవలసి వచ్చిందంటే, తేలకముందు ఆ అధికారం పోయిందని వాళ్లు ఎన్నడూ అనుకోలేదన్నమాట. రికార్డు పైకి పోయిందన్నదానికి, తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేశాను. ఈ దిద్దుబాటుకు సాక్ష్యం చదవనక్కర్లేదు, తీర్పే చాలు అని రాశాను. నెంబరు పడింది.

విచారణలో ఎదుటి న్యాయవాది గట్టి ప్రశ్నే వేశారు. అంకె ఒక్కటే అయితే టైపు తప్పనుకోవచ్చు, అక్షరాల్లో కూడా లక్షా ఎనిమిది వేలని ఉంది కదా, జడ్జిగారు ఆలోచించే తగ్గించారేమో అని. నేను 19వ పేరా మాత్రమే చదివాను. అందులో రేటు ఉంది, విస్తీర్ణం ఉంది, సంవత్సరాల సంఖ్య ఉంది. తగ్గించడానికి కారణం ఒక్కటీ లేదు. అంకెలు తారుమారయ్యాక, ఆ తప్పు అంకెను చూసే అక్షరాలు టైపు చేశారని వేరే ఊహ అవసరం లేకుండా కనిపిస్తుంది. జనవరిలో డిక్రీ 1,80,000గా దిద్దబడింది.

ఇదే పిటిషన్‌లో భవిష్యత్తు ఫలసాయం కూడా అడుగుదామని నా జూనియర్ పట్టుబట్టాడు. 21వ పేరాలో అర్హత ఉందన్నారు కాబట్టి ఉత్తర్వులో లేకపోవడం కూడా పొరపాటే కదా అని. అతని మాటలో పస లేకపోలేదు. కానీ దానికి విచారణ జరపాలని కొత్తగా ఆదేశించాలి, అంటే డిక్రీకి ఒక కొత్త భాగం చేర్చాలి. ద్వారకాదాస్ కేసులో, 1999లో, డిక్రీలో ఇవ్వని వడ్డీని 152 ద్వారా తర్వాత చేర్చడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ రెండూ కలిపి అడిగితే, అనుమానం ఉన్న కోరిక నిస్సందేహమైన కోరికను కూడా లాగేసుకుంటుందని భయపడ్డాను. రివ్యూలో ఒకసారి ఆ తప్పు చేశాను.

దిద్దిన డిక్రీని జిల్లా కోర్టులో దాఖలు చేసి, స్టే షరతు నెరవేరలేదు కాబట్టి స్టే పోయిందని వాదించాను. ఆ వాదన నిలవలేదు, నిలవకూడదు కూడా. జమ చేసిన నాటికి డిక్రీలో ఉన్న అంకె ప్రకారమే వాళ్లు కట్టారు. మిగతా 36,000 మూడు వారాల్లో కట్టమన్నారు, కట్టారు. పెరిగిన మొత్తానికి తగ్గ అప్పీలు ఫీజు కట్టి, కారణాలు సవరించుకునే అవకాశం కూడా వాళ్లకు ఇచ్చారు.

క్రాస్ అబ్జెక్షన్లు

రేటు, భవిష్యత్తు ఫలసాయం రెండూ ఇక జిల్లా కోర్టులోనే తేలాలి. అప్పీలు నోటీసు అందిన నెలలోపు క్రాస్ అబ్జెక్షన్లు వేయాలి. నేను రివ్యూపై ఆశతో ఆ నెల వదిలేశాను. రివ్యూ కొట్టేసిన తర్వాత చూసుకుంటే 83 రోజులు దాటాయి. కోర్టు గడువు పొడిగించగలదని ఆ రూలులోనే ఉంది. రివ్యూ కోసం చిత్తశుద్ధితో తిరిగామన్న కారణం చూపి, ఖర్చులు చెల్లించే షరతుపై గడువు తెచ్చుకున్నాం. ఆ ఖర్చులు నేనే పెట్టుకున్నాను.

భవిష్యత్తు ఫలసాయంపై క్రాస్ అబ్జెక్షన్ తప్పనిసరి అని నేను అనుకోవడానికి కారణం 11వ సెక్షన్ ఐదో వివరణ. దావాలో అడిగి, డిక్రీలో స్పష్టంగా ఇవ్వని కోరికను నిరాకరించినట్టే భావిస్తారు. అది భవిష్యత్తు ఫలసాయానికి ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై వాదనలు నడుస్తాయి. కానీ తర్వాత ఎప్పుడో ఆ వాదనను ఎదుటివాళ్ల చేతికి అందించేకంటే ఇప్పుడే అడగడం మేలు.

ఇంకో లాభం కూడా కలిగింది. వాదనలు మొదలయ్యే ముందు అవతలివాళ్లు అప్పీలు ఉపసంహరించుకుందామా అని ఆలోచించారు. దానితో మా కోరికలూ పోతాయని వాళ్ల లెక్క. 22వ రూలు నాలుగో ఉపరూలు ప్రకారం అప్పీలు ఉపసంహరించినా, గైర్హాజరు వల్ల కొట్టేసినా క్రాస్ అబ్జెక్షన్లు బతికే ఉంటాయి. ఆ సంగతి గ్రహించి ఆగిపోయారు.

చివరకు అప్పీలు కొట్టేశారు. భవిష్యత్తు ఫలసాయంపై విచారణ జరపాలని ఆదేశించారు. రేటుపై మా అభ్యంతరాన్ని తోసిపుచ్చారు. సాక్షులను కళ్లారా చూసిన జడ్జి అంచనాలో జోక్యానికి కారణం లేదన్నారు. రెండో అప్పీలుకు వెళ్లవద్దని నేను సలహా ఇచ్చాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో వచ్చిన మార్పులు

‘అప్పీలు పడితే కింది కోర్టు అధికారం పోతుందా?’ అన్న ప్రశ్నకు ఇప్పుడు నేను అవుననో కాదనో చెప్పను. ఏ అధికారం అని ఎదురు ప్రశ్న వేస్తాను. అమలు చేసే అధికారం అప్పీలుతో కదలదు, స్టేతోనే ఆగుతుంది. రాత తప్పు దిద్దే అధికారం అప్పీలు తేలేదాకా అక్కడే ఉంటుంది. రివ్యూ అధికారం మాత్రం అప్పీలు దాఖలైన క్షణానికి లోబడి ఉంటుంది, అదీ ఎవరు వేశారు, ఏ కారణంపై వేశారు అన్నదాన్ని బట్టి. స్టే పిటిషన్లు వాదించేటప్పుడు ఈ మూడూ ఒకే సంచిలో వేసి మాట్లాడటం మా వృత్తిలో చాలామందికి అలవాటు, నాకూ ఉండేది.

తీర్పు వచ్చిన రోజే కేవియట్ వేయిస్తున్నాను. రివ్యూ వేసే ఉద్దేశం ఉంటే, సెలవులు అడ్డం వచ్చినప్పుడు కోర్టు తెరిచే రోజు పొద్దున దాన్ని దాఖలు చేయిస్తున్నాను. రివ్యూ నడుస్తున్నా, అప్పీలు నోటీసు అందగానే క్రాస్ అబ్జెక్షన్లు కూడా పెట్టేస్తున్నాను; ఒకటి ఫలిస్తే రెండోది వదులుకోవచ్చు.

దీనికి దగ్గరి చుట్టమైన మరో గుంత ఎక్స్‌పార్టీ డిక్రీల్లో, అంటే ఒక పక్షం హాజరు కాకుండా వచ్చిన డిక్రీల్లో, ఉంది. అనంతపురం నుంచి ఒక కక్షిదారు, అప్పీలు గడువు మీరి కొట్టేశాక, కింది కోర్టులో 9వ ఆర్డరు 13వ రూలు కింద డిక్రీ రద్దు చేయించమని వచ్చాడు. ఆ రూలు వివరణ ప్రకారం, అప్పీలు ఉపసంహరణ కాకుండా ఇంకే కారణంతో తేలినా కింది కోర్టులో ఆ తలుపు మూసుకుపోతుంది. ఆలస్యాన్ని మన్నించక కొట్టేసినదీ అప్పీలు తేలినట్టేనని శ్యామ్‌సుందర్ శర్మ కేసులో, 2004లో, చెప్పారు. ముందు ఏ తలుపు తట్టాలో తీర్పు వచ్చిన వారంలోనే తేల్చుకోవాలి. ఆ కక్షిదారుకు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ప్రస్తుత స్థితి

అప్పీలు తీర్పు తర్వాత ఈ.పీ.ని కింది కోర్టులోనే కొనసాగించాం. 37వ సెక్షన్ ప్రకారం డిక్రీ పై కోర్టుదైనా అమలు మొదటి కోర్టు పనే. అమీన్ ఈసారి పొలం అప్పగించాడు. జమలో ఉన్న 90,000 పెద్దావిడ తీసుకుంది. మిగతా సగం కూడా ఈ.పీ.లోనే వసూలైంది. కొడుకు ఆ ఏడు శనగ వేశాడు.

జిల్లా కోర్టు డిక్రీ కాపీ చేతికొచ్చాక చెక్కుబందీ, అంటే పొలం నాలుగు హద్దుల వివరం, చదివితే తూర్పు హద్దు, పడమటి హద్దు తారుమారై ఉన్నాయి. ఈసారి పిటిషన్ సబ్‌కోర్టుకు తీసుకుపోలేదు. అప్పీలును విచారణ చేసే కొట్టేశారు కాబట్టి 153ఎ ఇక్కడ వర్తించదు. కింది డిక్రీ పై డిక్రీలో కలిసిపోయింది. 152 కింద జిల్లా కోర్టులోనే వేశాను, రెండో వాయిదాకు హద్దులు సరిచేశారు. భవిష్యత్తు ఫలసాయం విచారణ సబ్‌కోర్టులో నడుస్తోంది. వచ్చే వాయిదాకు గుత్త రేట్లపై పొరుగు రైతు సాక్ష్యం ఉంది.